వెనుకంజ

మాది హొసూరు. ఇంట్లో తెలుగు, పక్కింట్లో కన్నడం, కచేరీలో తమిళం. ఇట్లా పెరిగినవాడికి ఒక్కో మాట మూడు చెవులతో వినబడుతుంది. అట్లా విని నేను చాలా ఏండ్లు బాధపడిన మాట ఒకటుంది: వెనుకంజ.

2006లో తమిళనాడు బడుల్లో ఒకటో తరగతి మొదలుకొని తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. మా అబ్బాయిని బడిలో వేయవలసింది ఆ ఏడే. మా నాయన, అన్న, నేను అందరమూ తెలుగు బడిలో చదివినవాళ్లమే. తమిళం ఎట్లాగూ తప్పనప్పుడు రెండు పడవల మీద కాళ్లెందుకని వాణ్ణి తమిళ మాధ్యమంలోనే చేర్చాను. సంగతి తెలిసి మా అన్న వచ్చి, "నీవు కూడా వెనుకంజ వేసినావా రా!" అన్నాడు. ఆయన ఉండేది సరిహద్దుకు ఆవల, కుప్పంలో. అక్కడుండి అనడం సులభమే.

ఆ మాట గుచ్చుకున్నది, అందులో నాకు భయం వినబడినందువల్ల. తమిళంలో అంజడమంటే భయపడడం. కన్నడంలోనూ అంతే. చిన్నప్పుడు చీకట్లో నిలబడిపోతే పక్కింటి అవ్వ "అంజబేడ" అనేది. కాబట్టి వెనుకంజ అంటే అంజి వెనక్కి పోవడమనీ, అన్న నన్ను పిరికివాడన్నాడనీ అనుకున్నాను.

మొన్న పేపర్లో ఎవరో 'ముందంజలో ఉన్నారు' అని చదువుతూ ఆగిపోయాను. అంజడం భయమైతే ముందంజలో భయమెక్కడిది? నిఘంటువు తీశాను. అంజ అంటే అడుగు. అంతే! ముందు + అంజ, ఉత్వసంధి. వెనుక + అంజ, అత్వసంధి. బడిలో బట్టీపట్టినవే. భయం మాటలో లేదు, నా చెవిలో ఉంది.

ఆ ఊపులోనే 'తిరోగమనం' కూడా చూశాను. అందులో మన 'తిరుగు' ఉందనే ఇన్నాళ్లూ నా నమ్మకం. లేదు. అది సంస్కృతపు 'తిరస్', అడ్డంగా, చాటుగా అని. తిరోధానంలో ఉన్నదీ అదే, కనబడకుండా పోవడం. పత్రికలవాళ్లు వెనక్కి నడకకు వాడుతున్నారు గానీ, నన్నడిగితే వెనుకంజ కన్నా ఇదే భయపెట్టే మాట.

అన్నకు ఫోను చేసి అంజ అర్థం చదివి వినిపించాను. ఆయన కాసేపు ఊరకుండి, "అడుగే కానీలే, వేసింది వెనక్కే కదరా" అన్నాడు.

మా అబ్బాయి ఇప్పుడు ఊళ్లోనే ఉద్యోగం చేస్తున్నాడు. తెలుగు చక్కగా మాట్లాడతాడు. ఈ పత్రిక వస్తే అట్టమీది పేరు కూడబలుక్కుని చదివి, నా చేతికిస్తాడు.