విహారనౌకలో విస్తరి ఖరీదు

విహారనౌక ఎక్కి వచ్చిన వారిని ఎవరినైనా ఒకసారి కదిపి చూడండి. సముద్రాన్ని గురించి రెండు మాటలు చెప్పి, భోజనాన్ని గురించి ఇరవై మాటలు చెబుతారు. "ఎంత తిన్నా అడిగేవాడు లేడండీ, అంతా ఉచితమే!" అన్నది ఆ వర్ణనలకు పల్లవి. అమెరికాలో పిల్లలున్న మా ఈడువారి నోట ఈ పల్లవి ఇటీవల తరచుగా వినబడుతున్నది. ఉచితమనే మాటకు సంస్కృతంలో 'తగినది' అని అర్థం. మన వ్యవహారంలో 'వెల లేనిది' అనే అర్థం స్థిరపడింది. ఓడలోని భోజనానికి ఈ రెండర్థాలలో ఏది చెల్లుతుందన్నది నా సందేహం. తెలుగు పండితునికి ఈ లెక్కలతో ఏమి పని అని చదువరులు అనుకోవచ్చు. అన్నం లెక్క అందరి లెక్క.

ఈ కంపెనీలు ఏటేటా ప్రకటించే వార్షిక నివేదికలలో 'ఆహారం' అని ప్రత్యేకంగా ఒక పద్దు ఉంటుంది. ప్రపంచంలో అన్నిటికన్నా పెద్దదైన కార్నివాల్ సంస్థనే తీసుకుందాం. దాని కింద అనేక పేర్లతో ఓడలు నడుస్తున్నాయి. 2019లో ఆ సంస్థ ఆదాయం సుమారు 2,080 కోట్ల డాలర్లు. ఆహారానికి వెచ్చించినది సుమారు 108 కోట్ల డాలర్లు. అంటే నూటికి అయిదు. మహమ్మారి కారణంగా ఓడలు ఆగిపోయి, మళ్లీ నిండుగా తిరిగిన 2023లో ఆదాయం సుమారు 2,160 కోట్లు, ఆహారపు ఖర్చు సుమారు 133 కోట్లు. అంటే నూటికి ఆరు పైచిలుకు. అదే ఏడాది ఇంధనానికి 200 కోట్లకు పైగా, ఓడ సిబ్బంది జీతభత్యాలకు 230 కోట్లకు పైగా ఖర్చయింది. ఓడను నడిపించే నూనె కన్నా ఓడలోని జనాన్ని పోషించే తిండి చవక అన్నమాట.

దీనిని తలసరి లెక్కకు దింపితే ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. ప్రయాణికులు ఓడలో గడిపిన మొత్తం దినాలతో భాగిస్తే, కార్నివాల్ ఓడలలో 2019లో ఒక మనిషికి ఒక దినానికి పన్నెండు డాలర్లకు లోపే పడింది. 2023లో అది పదిహేను డాలర్లకు కొంచెం తక్కువ. రాయల్ కరీబియన్ సంస్థకు 2023లో పదహారున్నర డాలర్ల వరకు తేలుతుంది. ఉదయపు ఫలహారం మొదలు అర్ధరాత్రి పిజ్జా వరకు కలిపి ఇంతే! అమెరికాలో ఒక మోస్తరు హోటలులో ఒక్క పూట కూర్చుంటే ఈ సొమ్ము చాలదు.

ఇది ఎట్లా సాధ్యమన్న ప్రశ్నకు సమాధానం పాకశాలలో కన్నా గణితంలో ఎక్కువగా ఉన్నది. 2024 జనవరిలో యాత్రలు ప్రారంభించిన 'ఐకాన్ ఆఫ్ ది సీస్' అనే ఓడ నిండుగా ఉన్నప్పుడు 7,600 మంది ప్రయాణికులను మోయగలదు. సిబ్బంది మరి 2,350 మంది. పదివేల మందికి మూడు పూటలంటే దినానికి ముప్ఫైవేల భోజనాలు. మన మండల కేంద్రాలలో కొన్నిటి జనాభా అంత ఉండదు. అంతమందికి ఏడాది పొడుగునా కొనేవానికి ధర తగ్గుతుంది. ఏ యాత్రలో ఏ వయసువారు ఎందరు, ఏ పూట ఏ వంటకం ఎంత చెల్లింది అన్న పాత లెక్కలు చేతిలో ఉంటాయి. వాటిని బట్టి రేవులో సరకు ఎత్తుకుంటారు. నడిసముద్రంలో అంగడి లేదు గనుక తక్కువ పడకూడదు. శీతల గదులలో చోటు పరిమితం గనుక ఎక్కువా కాకూడదు. ఇక రొట్టె, అన్నం, బంగాళాదుంప, పాస్తా వంటి కడుపు నింపేవి ఎంత పెట్టినా ఖర్చు స్వల్పమే. ఖరీదైన మాంసాలు, సముద్రపు రొయ్యలు ప్రత్యేకమైన రాత్రులకో, విడిగా రుసుము కట్టించుకునే భోజనశాలలకో పరిమితం.

భోజనం ఎర అయితే, లాభం మరొక చోట ఉన్నది. మద్యం, జూదశాల, దుకాణాలు, ఇంటర్నెట్, రేవులలో విహారాలు మొదలైన వాటి మీద కార్నివాల్‌కు 2023లో వచ్చినది సుమారు 750 కోట్ల డాలర్లు. మొత్తం ఆదాయంలో మూడవ వంతుకు మించినది. కడుపు నిండినవాడు బేరమాడడని ఆ వర్తకులకు తెలుసు. కనుక 'వెల లేనిది' అనే అర్థం ఇక్కడ చెల్లదని తేలిపోయింది. తిన్నదాని వెల టిక్కెట్టులో ఉన్నది. తినిపించినందుకు ఫలం మరొక కిటికీలో రాబట్టుకుంటారు. ఇది మోసమని నేననను. వర్తకం వర్తకమే. దానిని అన్నదానమని మనం పొరబడకుండా ఉంటే చాలు.

2023 వేసవిలో మా అబ్బాయి మమ్మల్ని ఫ్లోరిడాలోని ఒక రేవు నుంచి ఏడు రోజుల యాత్రకు తీసుకువెళ్లాడు. మూడవ నాటి సాయంకాలం మా మనుమడు పళ్లెం నిండా వడ్డించుకుని, రెండు ముక్కలు కొరికి లేచిపోయాడు. మా ఇంటావిడ ఆ పళ్లెం తన ముందుకు జరుపుకోబోయింది. "వదిలేయండత్తయ్యా, ఎలాగూ పారేస్తారు" అన్నది కోడలు. ఆ పిల్ల మాటలో తిరస్కారమేమీ లేదు. అత్తగారి చక్కెర వ్యాధిని తలచి అన్నమాట అది. బల్ల శుభ్రం చేయవచ్చిన యువకుడు మంగుళూరు ప్రాంతంవాడు. ఇంటికి దూరమై ఆరవ నెల నడుస్తున్నదట. "ఇదంతా ఎక్కడికి పోతుంది నాయనా?" అని ఆమె వచ్చీరాని హిందీలో అడిగింది. "కింది అంతస్తులో యంత్రం ఉందమ్మా" అని మాత్రం చెప్పి, పళ్లేల దొంతర ఎత్తుకుపోయాడు. ఆ రాత్రి ఆమె చాలాసేపు నిద్రపోలేదు.

ఆ యంత్రం సంగతి తరువాత తెలుసుకున్నాను. ఓడల నుంచి చెత్త విడవడం మీద మార్పోల్ అనే అంతర్జాతీయ ఒడంబడిక ఉన్నది. కరీబియన్ సముద్రం 2011 మే నుంచి అందులో ప్రత్యేక ప్రాంతంగా అమలులో ఉన్నది. అక్కడ మిగిలిన ఆహారాన్ని 25 మిల్లీమీటర్ల రంధ్రాల జల్లెడలో నుంచి జారేటంతగా నలగగొట్టి, తీరానికి కనీసం 12 నాటికల్ మైళ్ల దూరంలో, ఓడ సాగుతూ ఉండగా మాత్రమే నీటిలో విడవవచ్చు. ఇప్పుడు కొన్ని కంపెనీలు ఆహారాన్ని జీర్ణింపజేసే యంత్రాలు అమర్చి, వ్యర్థాన్ని తగ్గిస్తామని గడువులు పెట్టుకున్నాయి. తలకు పారవేసే ఆహారాన్ని 2019తో పోలిస్తే 2030 నాటికి సగానికి తేవాలన్నది కార్నివాల్ లక్ష్యం. పుణ్యం కోసమైనా, పొదుపు కోసమైనా, మంచిదే.

నాకీ తలసరి లెక్కలతో పరిచయం ఓడలో కలిగినది కాదు. 2003 జనవరిలో మన బడులలో మధ్యాహ్న భోజనం మొదలైన నాటి నుంచి పదవీ విరమణ దాకా నేను చూసినది ఈ లెక్కే. హాజరు ఎంత, బియ్యం ఎంత, పప్పు ఎంత, గుడ్లు ఎన్ని. 2025 మే నుంచి అమలైన కేంద్రపు రేటు ప్రాథమిక తరగతుల పిల్లవానికి దినానికి ₹6.78, ఆపై ఎనిమిదవ తరగతి వరకు ₹10.17. బియ్యం వేరుగా వస్తాయి. రాష్ట్రాలు తమ వంతు కలుపుతాయి. ఓడ భోజనంతో దీనిని తూచి ఎవరినో నిందించడం నా ఉద్దేశం కాదు. దేశం వేరు, ధరలు వేరు. అయితే ఒక్కటి చెప్పగలను. ఆ బడి వరండాలో పిల్లలు లేచిన చోట కాకులకు కూడా పని ఉండేది కాదు. గుడ్డు సగం తిని, సగం చొక్కా జేబులో దాచుకున్న పిల్లను చూశాను. ఇంట్లో తమ్ముడున్నాడట. అట్టి చేతులను చూసిన కళ్లతో నిండు పళ్లెం యంత్రానికి పోవడం చూస్తే, లెక్క ఎంత సరిగా ఉన్నా మనసు సమాధానపడదు.

రాయల్ కరీబియన్ నివేదికలో నన్ను నిలిపివేసిన చిన్న వివరణ ఒకటున్నది. ఆహారపు పద్దులో ప్రయాణికుల తిండితో పాటు సిబ్బంది తిండి కూడా చేరి ఉన్నదని అందులో రాశారు. 2013 నుంచి అమలులో ఉన్న సముద్ర కార్మికుల అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఓడ పనివారికి భోజనం వెల లేకుండా పెట్టాలి. వారి మతాన్ని, ఆచారాన్ని గమనించి పెట్టాలి. అంటే ఆ పదహారున్నర డాలర్లలో మనకు వడ్డించేవారి ముద్ద కూడా ఉన్నది. మన భాషలో రాతలోని వరుసనూ పంక్తి అంటాము, భోజనానికి కూర్చున్న వరుసనూ పంక్తి అంటాము. ఓడలో వారి భోజనశాల వేరు, మన భోజనశాల వేరు. కంపెనీ పద్దులో మాత్రం అందరిదీ ఒకటే పంక్తి.

కాబట్టి విహారానికి వెళ్లే మిత్రులకు నా విన్నపం ఒక్కటే. సంతోషంగా తినండి. సొమ్ము ముందే కట్టారు, మొహమాటం అక్కరలేదు. కానీ ఒక్కసారిగా నింపుకోకండి. రెండుసార్లు లేవండి, మూడుసార్లు లేవండి. పిల్లలకు కొద్దికొద్దిగా పెట్టండి. పళ్లెం ఎత్తుకుపోయే వాని ఊరేదో అడగండి. అక్కడ అంతకన్నా ఉచితమైనది నాకు తోచడం లేదు.