గంజి పోయిన గుడ్డ

రాజపాళయం అనగానే చాలామందికి ఆ ఊరి కుక్క జాతి గుర్తొస్తుంది. తెలుగువాళ్ళకైతే తరాల కిందట అక్కడ స్థిరపడి, ఇప్పటికీ ఇళ్ళలో తెలుగు మాట్లాడే రాజులూ గుర్తొస్తారు. నాకు మాత్రం ఆ పక్కనే చత్రపట్టిలో నేసే గాజుగుడ్డ మనసులో మెదులుతుంది. ఆసుపత్రుల్లో పుండ్లకు కట్టే గుడ్డ.

మగ్గం మీద తెగిపోకుండా పడుగు నూలుకు ముందు గంజి పెడతారు. నేసి దించిన గుడ్డ పచ్చి నూలు రంగులో, బిరుసుగా ఉంటుంది. నీళ్ళ చుక్క వేస్తే ఇంకదు. దాన్ని ఉడికించి, గంజినీ దూదిలో సహజంగా ఉండే మైనాన్నీ వదిలించి, చలువ చేసి ఆరబెడతారు. ఆ బిరుసు పోయాకే అది రక్తాన్ని పీల్చుకుంటుంది. ఒక్కసారి పుండు మీద వేశాక తీసి పారేస్తారు. ఎవరు నేశారని ఏ రోగీ అడగడు. క్రైస్తవులు వినయమని చెప్పేదాన్ని నేను ఈ గుడ్డలోనే అర్థం చేసుకుంటాను.

యోహాను సువార్త పదమూడో అధ్యాయంలో యేసు నడుముకు తువాలు కట్టుకుని శిష్యుల కాళ్ళు కడుగుతాడు. సమస్తం తన చేతికి అప్పగించబడిందని ఎరిగే ఆయన లేచాడంటుంది ఆ కథనం. అంటే తన్ను తాను తక్కువ చేసుకున్నవాడి పని కాదది. ఆ రాత్రి యూదా కాళ్ళూ కడిగాడు, అతడేం చేయబోతున్నాడో తెలిసే. కృతజ్ఞత మీద ఆశ ఏమాత్రం లేని సేవ అది. పేతురు మాత్రం తన కాళ్ళు ముట్టుకోనివ్వనన్నాడు. మనలో చాలామందిమి పేతురులమే. చేసిపెట్టడం వచ్చు, చేయించుకోవడం రాదు. చేసేవాడి చేయి ఎప్పుడూ పైనే ఉంటుంది కదా!

రాజపాళయం నుంచి పడమటి కనుమల వెంబడే దక్షిణానికి వెళ్తే తిరునెల్వేలి జిల్లాలో దోనావూరు వస్తుంది. ఐర్లండులో పుట్టిన ఏమీ కార్మైకేల్ 1901 నుంచి అక్కడే ఉండి, గుళ్ళకు అప్పగించబోయిన ఆడపిల్లలను చేరదీసింది. ఊరూరా తిరిగి సువార్త చెప్పిన మనిషికి ఇప్పుడు పసిపిల్లల పాలూ స్నానాలే లోకమయ్యాయి. ఇందుకేనా వచ్చానన్న ప్రశ్న ఆమెకూ ఎదురైంది. తువాలు కట్టుకున్న యేసును తలుచుకుని ఆ ప్రశ్నను విడిచిపెట్టింది. 1931లో పడిపోయి, 1951లో కన్నుమూసేదాకా ఎక్కువగా మంచం మీదే ఉంది. తాను సాకినవాళ్ళ చేత సాకించుకోవడం ఆ ఏళ్ళలో నేర్చుకుని ఉంటుంది. నా లెక్కలో అదే కష్టమైన పాఠం. తన సమాధి మీద రాయి పెట్టొద్దంది. ఆమె సాకిన పిల్లలు అక్కడ పక్షులు నీళ్ళు తాగే తొట్టి ఒకటి పెట్టి, దాని మీద ‘అమ్మై’ అని మాత్రం చెక్కించారు.

ఇలాంటి మనసు ఒక్క మతం సొత్తు కాదు. 1949 నుంచి 1952 దాకా మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన పి.ఎస్. కుమారస్వామి రాజా రాజపాళయంలోని తన ఇంటినే కళామండపానికి ఇచ్చేశారు. దాని పేరు గాంధీ కలై మన్రం.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. పుండు మీంచి విప్పిన ఆ కట్టును బకెట్‌లో వేసి మోసుకెళ్ళే పనిని తరతరాలుగా కొన్ని కులాల నెత్తిన పెట్టి, వాళ్ళ ఓర్పును వినయమని మెచ్చుకోవడం అన్యాయం. తువాలు కట్టుకున్నది గురువు, శిష్యుడు కాదు. వినయం పైనున్నవాడు పూనుకోవలసిన పని. కిందున్నవాడికి బోధించవలసింది కాదు.

అందుకే నాకొక కోరిక. మన చర్చిల్లో క్రిస్మస్ ప్రేమవిందు ముగిశాక విస్తళ్ళు ఎత్తేదీ గంగాళాలు తోమేదీ ప్రతిసారీ అదే మనుషులు. ఈ ఏడాది సంఘ పెద్దలూ పాస్టరుగారూ పంచెలు ఎగ్గట్టి ఆ పనికి దిగాలి. ఫొటోలు తీసేవాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోయాక.