అన్నిటికీ పనికొచ్చే నూనె

ఈసారి ఆఫీసు కబుర్లు లేవు, సినిమాలు లేవు. నూనె గురించి రాస్తున్నాను. వంటనూనె కాదు లెండి, బండి ట్రాన్స్‌మిషన్‌లో పోసే నూనె. 'ఇదేం ఖర్మ' అనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. పొలమో, ట్రాక్టరో, కనీసం ట్రాక్టరున్న మావగారో ఉన్నవాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి.

మేముండేది మిస్సోరిలో. 2016లో మూడు కుటుంబాలం కలిసి ఊరి బయట పన్నెండెకరాలు కొన్నాం. శనాదివారాల్లో వెళ్ళి గోంగూర, బెండ, దోస పండిస్తాం. పొలంతోపాటే ఒక పాత డీజిల్ యుటిలిటీ బండి కూడా కొన్నాం. జీపుకీ ట్రాక్టరుకీ పుట్టినట్టుంటుంది. ముందు మనుషులు కూర్చుంటారు, వెనక తొట్టిలో ఎరువు బస్తాలు. ఇలాంటి బండ్లకి మైళ్ళు కాదు, నడిచిన గంటలు లెక్క. 2017 వేసవికి ఆ లెక్క నిండింది, ట్రాన్స్‌మిషన్ నూనె మార్చాలి.

మా భాగస్వామి మిత్రుడొకడు ఒక పసుప్పచ్చ బకెట్టు మోసుకొచ్చాడు. ఐదు గ్యాలన్లు, పాతిక డాలర్ల లోపే. మీద పెద్దక్షరాల్లో '303' అని ఉంది. బండి మాన్యువల్లో చెప్పిన నూనె కొంటే దానికి మూడింతలవుతుంది. "నూనెంటే నూనేగా గురూ, జిడ్డుగా ఉంటే చాలదూ?" అన్నాడు.

అప్పుడు మా మావగారు ఇండియా నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. కృష్ణా జిల్లాలో ముప్ఫై ఏళ్ళు సొంత ట్రాక్టరు నడిపిన మనిషి. బకెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, "ఏ బండికని రాశాడు బాబూ దీనిమీద?" అనడిగారు.

"అన్ని కంపెనీల ట్రాక్టర్లకీ పనికొస్తుందని రాశాడు మావయ్యగారూ."

"అన్ని రోగాలకీ ఒకటే మందు అమ్మేవాడు మా తిరనాళ్ళకీ వచ్చేవాడులే. మర్నాడు వెతికితే ఊళ్ళో ఉండేవాడు కాదు."

మిత్రుడు నవ్వేశాడు. నేను మాత్రం మాన్యువల్ తీసుకుని కూర్చున్నాను.

మా బండిది హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్. అంటే ఇంజను ఒక పంపుని తిప్పుతుంది, ఆ పంపు నూనెని బలంగా నెడుతుంది, ఆ నూనె ఒక మోటారుని తిప్పుతుంది, అక్కడినుంచి గేర్ల మీదుగా చక్రాలకి. కాబట్టి అక్కడ నూనె పని ఇనుముకి జిడ్డు పట్టించడమే కాదు, బలం మోసేదే అది. పంపులోని పిస్టన్లకీ వాటి గూళ్ళకీ మధ్య సందు వెంట్రుక కంటే సన్నం. నూనె పల్చబడితే ఆ సందులోంచి జారిపోతుంది, బండి ఎత్తెక్కనని మొరాయిస్తుంది. చిక్కగా ఉంటే జనవరి చలిలో పంపుకి అందదు. అప్పుడు పంపు కుయ్యోమని ఏడుస్తుంది, లోపల్లోపల అరిగిపోతుంది.

అదే నూనె గేర్లని కాపాడాలి. అదే నూనెలో బ్రేకు పళ్ళేలు మునిగి ఉంటాయి. జారుడు మరీ ఎక్కువైతే బ్రేకు పట్టదు, మరీ తక్కువైతే పళ్ళేలు కీచుమంటూ అదురుతాయి. ఒకే ద్రవం ఒకచోట జారాలి, ఒకచోట పట్టాలి. దీన్ని సాధించేది నూనెలో కలిపే మందులు. పాతిక డాలర్ల బకెట్టులో ఆ మందులెన్ని ఉన్నాయో కంటితో చూసి చెప్పే మొనగాడు లేడు.

మా పొలంలో చెరువు వైపు వాలు ఉంది. మూడిళ్ళ పిల్లలూ ఆ బండెక్కే ఆ వాలు దిగుతారు. నా బెంగంతా అక్కడే. యాభై డాలర్ల గురించి కాదు.

ఇంతకీ ఈ 303 ఏమిటని తవ్వితే తిమింగలం బయటపడింది! నిజమండీ. 303 అనేది జాన్ డీర్ కంపెనీ తన ట్రాక్టర్ల నూనెకి ఎప్పుడో పెట్టుకున్న నంబరు. అందులో స్పెర్మ్ తిమింగలం నూనె ఉండేది. ఆ రోజుల్లో కార్ల ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్లలోనూ దాన్నే వాడేవారు. జారుడూ పట్టూ రెండూ సరిగ్గా కుదిరిన పదార్థం మరి. 1970లో అమెరికా ఆ తిమింగలాన్ని అంతరించిపోయే జీవుల జాబితాలో చేర్చింది. నూనె కంపెనీలు వేరే మందులు వెతుక్కున్నాయి. జాన్ డీర్ కూడా ఆ 1970లలోనే 303ని వదిలేసి కొత్త ప్రమాణాలు పెట్టుకుంది. కానీ ఆ అంకె మాత్రం బకెట్ల మీద ఇంకో నలభై ఏళ్ళు బతికేసింది.

మన సాఫ్ట్‌వేరువాళ్ళకిది బాగా తెలిసిన రోగమే. రాసినవాడు ఎప్పుడో వెళ్ళిపోయిన స్పెసిఫికేషన్ ఒకటుంటుంది. దాని ప్రకారమే చేశామని ఎవరైనా చెప్పుకోవచ్చు, కాదని నిరూపించే దిక్కుండదు. యజమాని లేని ప్రమాణం అమ్మేవాడికి వరం, కొనేవాడికి శాపం.

నేను మాన్యువల్లో ఉన్న నూనే కొని పోశాను. మిత్రుడు తేడా డబ్బు ఇవ్వనన్నాడు, నేనే పెట్టుకున్నాను. రెండు నెలలు ముభావంగా ఉన్నాడు. ఆ బకెట్టు పట్టుకెళ్ళి తన సొంత చిన్న ట్రాక్టరులో పోసుకున్నాడు.

తర్వాత మిస్సోరి వ్యవసాయ శాఖ ఇలాంటి బకెట్లని పరీక్షలకి పంపింది. నాణ్యత లేదని తేలి, 303 పేరుతో అమ్మకాలు ఆపించింది. జార్జియా, నార్త్ కరొలినాలలో కూడా ఆపారు. రైతులు కోర్టుకెక్కారు. వాడేసిన టర్బైన్ నూనె, పైపులు కడిగిన నూనె కలిపారన్నది వాళ్ళ ఆరోపణ. ఆ దావాల్లో చాలా 2020లో కాన్సస్ సిటీ ఫెడరల్ కోర్టులో ఒక్కచోట చేరాయి.

మిత్రుడి ట్రాక్టరు ఆ చలికాలంలోనే పొద్దున్నపూట మూలగడం మొదలెట్టింది. ఆ నూనె వల్లేనా, పంపు ముసలిదయ్యా అన్నది చెప్పలేం. నేనేమీ అనలేదు. అతనే ఒకరోజు ఫోన్ చేసి "మీ మావగారు బావున్నారా?" అనడిగాడు. సంగతి అర్థమైంది.

ఇక మీకు పనికొచ్చే ముక్కలు నాలుగు. మొదటిది, బండ్లన్నీ ఒకటి కావు. కొన్ని కంపెనీల యుటిలిటీ బండ్లలో రబ్బరు బెల్టు ట్రాన్స్‌మిషన్ ఉంటుంది. ఆ బెల్టు పొడిగానే ఉండాలి, దాని పక్కనున్న గేరుబాక్సుకి వేరే నూనె. రెండోది, మాన్యువల్లో ఉన్న ప్రమాణం పేరు అక్షరం పొల్లుపోకుండా డబ్బా మీద ఉందో లేదో చూడండి. 'ప్రీమియం', 'యూనివర్సల్' అన్నవి విశేషణాలే, ప్రమాణాలు కావు. వేరే బ్రాండు వాడొచ్చు, కానీ ఏ ప్రమాణానికి సరిపోతుందో వాడు పేరు పెట్టి రాయాలి. మూడోది, రంగు చూసి కొనకండి. రంగు కలిపేది మనిషే. కొలపుల్ల మీద నూనె మజ్జిగలా తెల్లగా కనిపిస్తే మాత్రం లోపలికి నీళ్ళు చేరినట్టే. నాలుగోది, నూనెతోపాటు ఫిల్టరు కూడా మార్చండి.

ఇండియాలో ఉన్నవాళ్ళకీ ఇదే మాట. చాలా ట్రాక్టర్లలో గేర్లకీ హైడ్రాలిక్ లిఫ్టుకీ, నూనెలో మునిగే బ్రేకులకీ కూడా ఒకటే నూనె. షాపువాడు "ఇది అన్నిటికీ పనికొస్తుందండీ" అంటే, దేనికి పనికొస్తుందో పేరు పెట్టి చెప్పమనండి. చెప్పలేకపోతే ఇంకో షాపుకి వెళ్ళండి.