పాత పెద్ద కారు కొనే ముందర

నేను అయిదో తరగతి వరకే చదివినాను, తప్పులుంటే సర్దుకోండి. పోయిన ఏడు మా ఇంట్లో ఒక కారు మాట వచ్చి, మామా అల్లుళ్ళ నడుమ మాటలు లేకుండా అయ్యే దాకా పోయింది. ఇప్పుడు మన ఇండ్లల్లో చాలామంది పిల్లోళ్ళు డ్రైవర్లుగా ఉండారు. మన గ్రాట్యుటీ డబ్బు, పీఎఫ్ డబ్బు మీద అందరికీ ఆశ ఉంటాది. అందుకని ఎవరికన్నా పనికొస్తాదని రాస్తుండాను.

మా అల్లుడు పరాయివాడు కాదు, మా అక్క కొడుకే. తిరువళ్ళూరులో ఒకరి దగ్గర జీతానికి ట్యాక్సీ తోల్తా ఉన్నాడు. ఒక ఆదివారం పాండూరుకు వచ్చి, అన్నం తిని, చేయి కడుక్కుంటానే ఎత్తుకున్నాడు.

"మామా, చెన్నైలో ఒక జర్మనీ కారు అమ్మకానికి వచ్చింది. 10 ఏళ్ళ బండి. కొత్తగా కొంటే 50 లక్షల పైమాట. ఇప్పుడు 7 లక్షలకే ఇస్తామంటున్నారు. తిరుత్తణి కొండమీద ముహూర్తాలున్న నెలల్లో పెండ్లికొడుకు బండిగా పంపితే ఒక్క రోజుకే వేలల్లో వస్తాది. నువ్వు 4 లక్షలు ఇస్తే, మిగతాది నేను డ్యూ వేసుకుంటాను."

నా దగ్గర ఉండేదే ఆ 4 లక్షలు. పోస్టాఫీసులో వేసి పెట్టింది. మా ఆడమనిషి ఏమీ మాట్లాడలేదు గానీ, ఎత్తుతా ఉన్న గిన్నె అట్లే పట్టుకుని నిలబడింది. కూతురు నా మొకం చూసింది. నేను ఇవ్వను అనలేదు, ఇస్తాను అనలేదు. "ముందు బండి చూస్తాం పద" అన్నాను.

నాకు కారు తెలీదు. కానీ 31 ఏళ్ళు రింగ్ ఫ్రేముల దగ్గర ఫిట్టరు పని చేసినాను. మిల్లులో ఒకసారి మూతబడిన ఇంకో మిల్లు నుంచి పాత ఫ్రేములు కొనుక్కొచ్చినారు. అన్నిటికీ పచ్చరంగు పెయింట్ కొట్టి, తళతళమని దించినారు. మేనేజరు మురిసిపోయినాడు. వాటిని ఓవరాల్ చేయడానికి విప్పితే బేరింగులు అరిగి, గేరు పండ్లు సగం పోయి ఉన్నాయి. పెయింట్ కొనేవాడి కంటికి కొట్టేది, లోపల సంగతి దానికి తెలీదని ఆ రోజు నేర్చుకున్నాను. కారైనా యంత్రమే గదా అని ధైర్యం చేసినాను.

పోయే ముందర, మాతో పని చేసిన ఒకాయన కొడుకు తిరువళ్ళూరులో మెకానిక్ షెడ్డు పెట్టి ఉంటే వాడి దగ్గరికి పోయి కూర్చున్నాను. వాడు చెప్పిన మొదటి మాట ఇది: "పెదనాయనా, 50 లక్షల కారు 7 లక్షలకు వస్తే, ధర తగ్గింది కారుకే. స్పేర్లకు తగ్గలేదు. హెడ్ లైటు ఒకటి పోతే 50 లక్షల కారు హెడ్ లైటు ధరే కట్టాల." ఇది అందరూ మనసులో పెట్టుకోవలసిన మాట. పెద్ద కార్లకు గేరుబాక్సు ఆటోమేటిక్. కొన్నిటికి స్ప్రింగుల బదులు గాలి సంచుల మీద నడిచే సస్పెన్షన్. అవి బాగున్నన్నాళ్ళు ఊయల మాదిరి ఉంటాది. పోతే ఒక్క రిపేరుకే లక్ష దాటేది కద్దు.

ఇంకో మాట కూడా చెప్పినాడు. కారు చేసిన కంపెనీ ఇప్పుడు ఇక్కడ ఉందా, స్పేర్లు ఎక్కడి నుంచి రావాల అని అడగమన్నాడు. ఇది మన జిల్లా వాళ్ళకు కొత్త కాదు. తిరువళ్ళూరు పక్కనే హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు 1998 నుంచి మిత్సుబిషి లాన్సర్ కారు చేసినారు. ఆ కాలంలో లాన్సరంటే పెద్దోళ్ళ కారు. మన ఊర్ల మగపిల్లోళ్ళు ఎంతోమంది ఆ గేటు ముందర పని కోసం నిలబడినారు. ఇప్పుడు ఆ కారు కొత్తది దొరకదు, అదే ఫ్యాక్టరీలో సిట్రోయెన్ కార్లు తయారవుతున్నాయి. మరైమలై నగర్‌లో ఫోర్డు వాళ్ళు కూడా ఇండియాలో కార్లు చేయడం నిలిపేస్తామని 2021లో చెప్పినారు. కంపెనీ మారవచ్చు, మూసుకోవచ్చు. కొన్నవాడి ఇంటి ముందర బండి మాత్రం అట్లే ఉంటాది. మిల్లు మూసిన దుఃఖం తెలిసిన మనకు ఇది వేరే చెప్పాల్నా?

మేము ముగ్గురం పొద్దున్నే తిరువళ్ళూరులో లోకల్ రైలెక్కి పోయినాము. పాత బండ్లు అమ్మే కన్సల్టింగు వాళ్ళ యార్డు. నల్లటి కారు, అద్దం మాదిరి మొకం కనిపిస్తా ఉంది. అల్లుడి కండ్లు అక్కడే నిలబడిపోయినాయి. మెకానిక్ పిల్లోడు మాత్రం ఏమీ అడక్కుండా బానెట్టు మీద అరచేయి పెట్టినాడు. వెచ్చగా ఉంది.

"మేం 9 గంటలకు వస్తామని చెప్పినాం గదా అన్నా, ముందే ఎందుకు స్టార్ట్ చేసినారు?" అన్నాడు.

"పక్కకు జరిపినాం" అన్నాడు అమ్మేవాడు.

రాత్రంతా చల్లబడిన ఇంజన్ని మన ముందర స్టార్ట్ చేస్తేనే దాని జబ్బు తెలుస్తాది. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని. తెల్ల పొగ వచ్చి ఎంతసేపటికీ ఆగకపోతే నీళ్ళు ఇంజన్లోకి పోతున్నాయని. నల్ల పొగ వస్తే డీజిల్ సరిగ్గా కాలడం లేదని. ముందే వేడి చేసి పెడితే ఇవి కొన్ని దాక్కుంటాయి. ఆయిల్ మూత విప్పి చూడాల, లోపల మజ్జిగ మాదిరి తెల్లగా ఉంటే నీళ్ళు కలిసినట్టే లెక్క.

నేను మిల్లు అలవాటుగా పెద్ద స్క్రూడ్రైవరు ఒకటి అడిగి తీసుకున్నాను. మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే లోపలి సద్దు తెలుస్తాది. మేము స్పిండిళ్ళ బేరింగు అట్లే చూసేవాళ్ళం. అమ్మేవాడు నవ్వినాడు. నవ్వనీ. తిరిగే బెల్టుకు చేయి, పంచె తగలకుండా చూసుకుని వింటే ఇంజన్ సద్దు సమంగానే ఉంది. నిజం చెప్పాల గదా, ఇంజన్లో నాకు తప్పు దొరకలేదు.

తప్పు ఇంకోచోట దొరికింది. పిల్లోడు వెనక సీటు బెల్టు పట్టుకుని చివరి దాకా లాగినాడు. ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి జానెడు మీద మట్టి గీత ఒకటి, చెరువు ఎండినాక గట్టు మీద ఉంటాది చూడండి, అట్లా. కింద కార్పెట్టు కొత్తది. సీటు బిగించిన బోల్టులకు తుప్పు. కారు లోపల సెంటు వాసన గుప్పుమంటా ఉంది. ఆ సెంటు ఎందుకో అప్పుడు అర్థమయింది.

2015 డిసెంబర్ వరదల్లోను, 2023 డిసెంబర్ మిచాంగ్ తుఫానులోను చెన్నైలో ఎన్ని కార్లు మునిగినాయో మనం చూసినాం. మునిగిన కార్లు కొన్ని కడిగి, ఆరబెట్టి, మళ్ళీ అమ్మకానికి వస్తాయి. చిన్న కారు మునిగితే ఎట్లానో బాగుచేసుకోవచ్చు. ఈ పెద్ద కార్లల్లో కంప్యూటరు పెట్టెలు, వైర్లు సీట్ల కింద, కార్పెట్ల కింద ఉంటాయి. నీళ్ళు తగిలిన వైరు ఆ రోజే చావదు, నెలలు పట్టి పచ్చగా చిలుము పడుతుంది. అందుకే కొన్నప్పుడు బాగుంటాది, ఆరు నెలలకు రోడ్డు మధ్యలో నిలబడుతుంది.

"స్కానర్ పెట్టి చూస్తామన్నా" అన్నాడు పిల్లోడు. కారు కంప్యూటర్లో ఉన్న తప్పులు చూపించే మిషను అది. "అవన్నీ మా యార్డులో వొద్దు" అన్నాడు అమ్మేవాడు. ఇంక చాలు అనుకున్నాను. చూడనివ్వని వస్తువు కొనేది లేదు.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో అల్లుడు నా పక్కన కూర్చోలేదు, వాకిలి దగ్గర నిలబడినాడు. ఇంటికి పోయి నా కూతురితో అన్న మాట తరువాత తెలిసింది: "మామకు డబ్బు ఇచ్చే మనసు లేదు, బెల్టు మీద మట్టి సాకు దొరికింది." రెండు నెలలు మా ఇంటికి రాలేదు. పండగకు కూతురు ఒక్కటే వచ్చింది. మా ఆడమనిషి "ఏమయ్యా, ఇచ్చి ఉంటే సరిపోయేది గదా, మన ప్రాణం పోయినాక ఆ డబ్బు ఎవరికి?" అని ఏడ్చింది. నాకూ నిద్ర లేదు. నిజంగా డబ్బు మీద ఆశతోనే వద్దన్నానా అని నన్ను నేను అడుక్కున్నాను. కొంచెం అదీ ఉందేమో. ఆ డబ్బు 31 ఏళ్ళ దూది దుమ్ము.

కానీ ఊరికే వద్దనడం పెద్దరికం కాదనిపించింది. మెకానిక్ పిల్లోడి దగ్గర మళ్ళీ కూర్చుని, అన్నీ అడిగి ఒక చీటీ రాసి కూతురి చేతికిచ్చినాను. దాంట్లో ఉండింది ఇది.

మీటరు నమ్మొద్దు, తిప్పేస్తారు. బ్రేకు పెడలు రబ్బరు నున్నగా అరిగి, స్టీరింగు తోలు మెరుస్తా ఉండి, మీటరు మాత్రం 40 వేలు చూపిస్తే అది అబద్ధం. కంపెనీ సర్వీసు బిల్లులు అడుగు, ప్రతి బిల్లులోను కిలోమీటర్లు రాసి ఉంటారు.

టైరు మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2317 అంటే 2017లో 23వ వారం చేసిన టైరు.

తాళం తిప్పగానే మీటర్లో ఎర్ర దీపాలన్నీ వెలిగి, ఇంజన్ స్టార్ట్ అయినాక ఆరిపోవాల. ఎయిర్‌బ్యాగు దీపం ముందే వెలగకపోతే, తప్పు కనపడకుండా దాన్ని పీకేసినట్టు అనుమానించు.

డిక్కీలో స్టెప్నీ ఎత్తి కింద చూడు. అతుకులు, కొత్త వెల్డింగు, పట్టీ ఉంటే వెనక గుద్దుకున్న బండి.

గేరుబాక్సు చల్లగా ఉన్నప్పుడు, ఒక గంట తోలినాక, రెండుసార్లూ చూడు. గేరు పడేటప్పుడు తన్నితే వదిలేయ్.

ఆర్సీ బుక్కులో ఉన్న చాసిస్ నంబరు, బండి మీద ఉన్న నంబరు ఒకటేనా చూడు. బ్యాంకు డ్యూ ఉంటే బ్యాంకు వాళ్ళ ఎన్ఓసీ, ఫారం 35 లేకుండా డబ్బు ఇవ్వొద్దు. పేరు మార్చడానికి ఫారం 29, ఫారం 30 సంతకాలు ఆ రోజే తీసుకో. పోలీసు ఫైన్లు ఏమన్నా కట్టకుండా ఉండాయా చూడు.

ఢిల్లీ నంబరు డీజిల్ కారు చౌకగా వచ్చిందంటే ఆశపడొద్దు. అక్కడ 10 ఏళ్ళు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదన్న ఆజ్ఞను 2018లో సుప్రీం కోర్టు కూడా బలపరిచింది. అందుకే ఆ బండ్లు ఇటు వస్తాయి. ఇక్కడికి మార్చాలంటే అక్కడి ఎన్ఓసీ కావాల, తమిళనాడులో మళ్ళీ రోడ్డు ట్యాక్సు కట్టాల.

కడాకు ఒకటి పెద్దక్షరాలతో రాసినాను: తెల్ల బోర్డు కారును బాడుగకు తోలొద్దు. అది చట్టానికి తప్పు. దారిలో ఏమన్నా అయితే, బాడుగకు తోలినావని ఇన్సూరెన్సు వాళ్ళు డబ్బు ఇవ్వకపోవచ్చు. అప్పుడు నా 4 లక్షలు కాదు, నీ ఇల్లే పోతాది.

ఆ చీటీ అందినాక పది రోజులకు అల్లుడు ఫోన్ చేసినాడు. "మామా, తెల్ల బోర్డు సంగతి నాకు ఎవరూ చెప్పలేదు" అన్నాడు. అంతే. నాకు అది చాలు.

తరువాత వాడే ఒక జపాన్ కంపెనీ పెద్ద సెడాన్, పెట్రోల్ బండి, ఒకే ఓనరుది చూసినాడు. పొద్దున 6 గంటలకు చెప్పకుండా పోయి నిలబడినాడట. స్కానర్ పెట్టించినాడు, సర్వీసు బిల్లులు అన్నీ చూసినాడు. ముందర సస్పెన్షన్ బుష్షులు పోయినాయని, టైర్లు అయిపోయినాయని తెలిసింది. ఓనరు దాన్ని ఒప్పుకొని 25 వేలు తగ్గించినాడు. తప్పు లేని పాత బండి ఉండదు. తెలిసిన తప్పు బేరానికి పనికొస్తాది, తెలియని తప్పు ప్రాణానికి వస్తాది.

నేను 3 లక్షలు ఇచ్చినాను. మిగతా లక్షలో 50 వేలు రిపేరుకని వాడి పేరు మీదే పోస్టాఫీసులో వేసినాము. ఆర్టీఓ ఆఫీసులో అప్లై చేసి పసుపు బోర్డుకు మార్పించి, పర్మిటు, ట్యాక్సీ ఇన్సూరెన్సు తీసుకున్నాడు. దానికి ఖర్చయింది, తిరగడమూ అయింది. ఇప్పుడు తిరుపతికి, వేలూరు ఆస్పత్రికి, ఏర్‌పోర్టుకు తోల్తా ఉండాడు. పెండ్లిండ్లకు కూడా పోతాది, పూలు కడితే ఏ కారైనా పెండ్లి కారే. డ్యూ ఇంకా మూడేళ్ళు ఉంది. అంతా గెలిచినామని చెప్పను, నెల నెలా కడతా ఉండాడని మాత్రం చెబుతాను.

ఆ నల్ల కారు ఎవరు కొన్నారో తెలీదు. మన మాదిరి ఇంట్లోనే ఎవరో ఒకరు, ఎవరో ఒక నాయన గ్రాట్యుటీతో కొనే ఉంటారు. అది తల్చుకున్నప్పుడే ఇది రాయాలనిపించింది. మీ ఇంట్లో పిల్లోడు పెద్ద కారు అంటే కోప్పడొద్దండీ, ఆశ తప్పు కాదు. కూడా పోండి. బానెట్టు మీద చేయి పెట్టండి. సీటు బెల్టు చివరి దాకా లాగండి.