మోటుపల్లి సుంకరి

చారిత్రక నవలలే యేల వ్రాయుదువని మిత్రులడుగుచుందురు. తుపానునకు పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలాత్కారముగ హరించెడివారనియు, తాను మాత్రము నిర్ణీత సుంకము దక్క సర్వమును వర్తకులకే విడిచితిననియు 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో చెక్కించిన అభయశాసనమును చదువునపుడెల్ల, గంధము, కర్పూరము, పన్నీరు, దంతము, మిరియములు అని సాగు ఆ పట్టికకంటె, అందు పేరైనను లేని సుంకరియొక్కడు తడిసిన కర్పూరపు మూటను తక్కెడలో నిలిపి, ఎండుదాక ఆగుదునా, ఇప్పుడే తూతునా యని తటపటాయించుటయే నా కంటికి గోచరించును. రాజు దయ శాసనస్థమే. ఆ ముల్లెటు మొగ్గినదో వ్రాయుట నా వంతు. ఇంత స్వేచ్ఛయుండియు ఆ సుంకరిచేత చద్దన్నములో మిరపకాయ కొరికింపజాలను, అది పోర్చుగీసుల వెంట వచ్చుటకింకను రెండున్నర శతాబ్దములు కలవు.