అవ్వ గీసిన ముగ్గు

మా అవ్వకి చదువు రాదు. పెళ్లికి ముందు మార్కాపురం దగ్గర పలకల పనికి పోయేదంట. అందుకేనేమో మా ఇంట్లో పలకలకి కరువుండేది కాదు. చెక్క ఫ్రేమ్ లేనివి, మూల విరిగినవి అటక మీద ఒక దొంతర ఉండేవి. నేను యూకేజీలో ఉన్నప్పుడు ఒక సాయంత్రం అవ్వ నా పలక తీసుకుని చుక్కలు పెట్టి, తిప్పి తిప్పి ఒక ముగ్గు వేసింది. మధ్యలో పువ్వు, చుట్టూ తీగ. వాకిట్లో రోజూ వేసేదే, కానీ బలపంతో సన్నగా వేస్తే వేరేలా ఉంది. నాకేమో టేబుల్స్ హోంవర్క్ ఉంది. ఉమ్మి పెట్టి చేత్తో తుడిచేశా. అవ్వ ఏమీ అనలేదు, "సదువుకో నాయనా" అని లేచిపోయింది.

ఇది పెద్ద విషయం కాదని నాకూ తెలుసు. కానీ 2021 మే నుంచి నాకు ఎక్కువ గుర్తొచ్చేది ఇదే.

ఆ మే నెలలో అవ్వ కరోనాతో పోయింది. టీకా అప్పటికే వచ్చింది. అవ్వ సూదంటే భయపడింది, మేము "వచ్చే వారం తీసుకుపోదాం" అనుకుంటూ ఉండిపోయాం. ఆఖరి చూపు కూడా దూరం నుంచే. తర్వాత ఫోటో పెడదామంటే ఆధార్ కార్డు ఫోటో తప్ప ఇంట్లో ఇంకోటి లేదు. అందులో ఉన్నావిడ మా అవ్వలా ఉండదు, ఎవరో గదమాయిస్తే ఉలిక్కిపడినట్టు ఉంటుంది.

అప్పుడు నేనే గీద్దామని మొదలుపెట్టా. ఆన్‌లైన్ క్లాసులు నడుస్తుంటే నోట్సు వెనక పేజీల్లో. ముఖం ఎంతకీ రాలేదు. ముక్కు కుదిరితే కళ్లు కుదరవు. విసుగొచ్చి ఆమె కూర్చునే చోటు గీశా. మా చేను గట్టు మీద చింతచెట్టు, దాని వెనక కొండ. మా పుల్లలచెరువు వైపు వచ్చినవాళ్లకి తెలుస్తుంది, నల్లమల దూరం నుంచి ఒక్కో పూట ఒక్కో రంగులో ఉంటుంది. పొద్దున నీలం, మధ్యాహ్నం ఎండకి బూడిద రంగు, వాన పడితే ఒక్క రాత్రిలో పచ్చ. ఎండాకాలం ముందు మోదుగలు పూస్తే అక్కడక్కడా నిప్పు పెట్టినట్టుంటుంది. నీళ్ల ట్యాంకర్ల కోసం ఎదురుచూసే ఊళ్లో పెరిగి ఇది అందమైన చోటని నేనెప్పుడూ అనుకోలేదు. అవ్వని వెతుక్కుంటూ పోయి చూశా.

పోయిన ఏడాది చుట్టాల పెళ్లికి రాజమండ్రి వెళ్లినప్పుడు, ముహూర్తానికి టైముందని దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్లా. నిజం చెప్పాలంటే ఆ పేరు నాకు అంతకుముందు తెలీదు. ఇంగ్లీష్ మీడియంలో పికాసో పేరు చెప్పారు గానీ దామెర్ల పేరు చెప్పలేదు. ఆయన 1897లో రాజమండ్రిలోనే పుట్టారు. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన కూడా చిత్రకారుడే. గోదావరి అంటే ప్రాణం ఆయనకి. దామెర్లనీ, తర్వాత నవలలు రాసిన అడివి బాపిరాజునీ బొమ్మల వైపు తిప్పింది ఆయనే. ఆయన ప్రోత్సాహంతోనే దామెర్ల బొంబాయి జేజే స్కూల్‌కి వెళ్లారు. చదువయ్యాక అక్కడే ఉండిపోకుండా తిరిగొచ్చి సొంత ఊళ్లో చిత్రకళాశాల పెట్టారు. (మన ప్లేస్‌మెంట్ సెల్ దీన్ని ఏ కాలమ్‌లో వేస్తుందో!)

"పుష్పాలంకరణ", "నంది పూజ", "సిద్ధార్థ రాగోదయం" ఆయన పేరున్న చిత్రాలు. నాకు మాత్రం ప్రకృతి దృశ్యాలే ఎక్కువ నచ్చాయి. నీళ్లూ, కొండలూ, పైన ఆకాశం, అంతే. తూర్పు కనుమల్లో గోదావరి కనిపించే తీరు రోజూ చూసినవాడికి తప్ప అలా రాదు. కళ గురించి నాకు పెద్దగా తెలీదు, కానీ ఒకే కొండని వందసార్లు చూసినవాడిని గుర్తుపట్టడం తెలుసు.

1925 ఫిబ్రవరి 6న ఆయన మశూచితో చనిపోయారు. 28 నిండడానికి ఇంకా నెల రోజులుంది. మశూచికి జెన్నర్ టీకా కనిపెట్టింది 1796లో, అంటే అప్పటికి దాదాపు 130 ఏళ్లు. ఆ లెక్క వేసుకున్నాక అక్కడ కాసేపు ఊరికే నిలబడిపోయా.

ఇక్కడితో అయిపోవాల్సిన కథే ఇది. కానీ ఆయన భార్య సత్యవాణి కూడా చిత్రకారిణి. చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేసేవారు. స్నేహితుడు వరదా వెంకటరత్నం ఉన్నారు. వీళ్లు ఆయన బొమ్మల్ని అమ్ముకోలేదు, చెల్లాచెదురు కానివ్వలేదు. వెంకటరత్నం గారు ఆ తర్వాత దశాబ్దాల పాటు పిల్లలకి బొమ్మలు నేర్పిస్తూ ఆ గ్యాలరీని నిలబెట్టారు. స్నేహితుడు పోయాక ఆయన బొమ్మల మధ్యే రోజూ పాఠం చెప్పడం ఎలా ఉండేదో నాకు ఊహకి అందలేదు. ఏడ్చి ఇంటికి పోవడం తేలిక కదా. పెన్సిల్‌తో గీసుకున్న చిన్న చిన్న కాగితాలు కూడా దాచారు. వందేళ్ల తర్వాత, పెళ్లికొచ్చిన నాలాంటివాడు ఊరికే లోపలికొచ్చి చూసేలా దాచారు.

నేను ఒక ముగ్గుని పది సెకన్లు కూడా ఉంచలేకపోయా.

హాస్టల్‌కి వచ్చాక ఆ ముగ్గు మళ్లీ వేద్దామని చాలాసార్లు ప్రయత్నించా. చుక్కలు ఎన్నో గుర్తు లేదు. అమ్మని అడిగితే, "అత్త లెక్కపెట్టేది కాదురా, చెయ్యి ఎటు పోతే అటే" అంది. సరే అని మళ్లీ చింతచెట్టు దగ్గరికే వెళ్లా. ఈసారి వాటర్ కలర్స్ కొన్నా, పెద్ద కాగితం మీద వేశా. కొండ నీలం మూడుసార్లు పాడైంది, నాలుగోసారి పర్వాలేదనిపించింది. ఫోటో తీసి నాయనకి వాట్సాప్‌లో పంపా. నాయన మెసేజ్‌లు చూసి ఊరుకునే రకం. ఆ రోజు వెంటనే ఫోన్ చేశాడు.

"చెట్టు బానే ఉంది రా. అమ్మ కూచునే రాయి యాడ?"

నిజమే, రాయి మర్చిపోయా. చెట్టుకి ఎడమ పక్కనా, కుడి పక్కనా అని అడిగా. నాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "కుడి పక్క. ఎండ పడకుండా," అన్నాడు.


రాయి వేశా. కింద ఖాళీగానే ఉంచా.