రజతంతో సరిపెట్టుకుందట!

మన దినపత్రికల్లో ఆటల పేజీకి ఒక ప్రత్యేకమైన తెలుగు ఉంది. అందులో ఓడిన జట్లు ఓడిపోవు, 'ఇంటిముఖం పడతాయి'. గెలిచినవి ఊరికే గెలవవు, ఎదుటివాళ్ళని 'మట్టి కరిపిస్తాయి'. పతకం రాకపోతే అది 'త్రుటిలో చేజారుతుంది'. ఇక రెండో స్థానంలో వచ్చిన ఆడపిల్ల సంగతి మరీ జాలి. పాపం, 'రజతంతో సరిపెట్టుకుంటుంది'.

ఈ తెలుగుమీద మా ఇంట్లో రోజూ కాఫీల వేళ చిన్న తగవు జరుగుతుంది. వాది మా అక్కయ్య కూతురు. మా ఇంట్లో ఉండి డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. చదువుతోంది అనేకంటే పరిగెడుతోంది అంటే సబబుగా ఉంటుంది. నూరు మీటర్ల హర్డిల్స్. తెల్లారకుండా లేచి స్టేడియానికి వెళ్ళి, ఏడున్నరకి చెమటలు కక్కుతూ వచ్చి, చేతులైనా తుడుచుకోకుండా పేపరు వెనకనుంచి తెరుస్తుంది. మావారు ముందునుంచి తెరుస్తారు. మధ్యలో ఎక్కడో ఇద్దరూ కలుసుకుని పోట్లాడుకుంటారు.

"చూడు పిన్నీ, మళ్ళీ సరిపెట్టుకుందట!" అంటుంది. "బజారుకెళ్ళి పట్టుచీర దొరక్క నూలుచీరతో సరిపెట్టుకున్నట్టు! ఆసియా మొత్తంలో రెండోది అంటే ఏమిటో వీళ్ళకి తెలుసా?"

హర్డిల్స్ అంటే ఏమిటో దాని పుణ్యమా అని ఇప్పుడు మా ఇంట్లో అందరికీ తెలుసు. పది అడ్డంకులు. ఒక్కోటీ ఎనభైమూడు సెంటీమీటర్ల పైచిలుకు ఎత్తు, అంటే మన వంటింటి గట్టుకంటే కొంచెం తక్కువ. మొదటిది పదమూడు మీటర్ల దూరంలో, అక్కణ్ణించి ఎనిమిదిన్నర మీటర్లకొకటి. మధ్యలో మూడడుగులే వెయ్యాలి. నాలుగో అడుగు పడిందా, కాలు మారిపోతుంది, లెక్కంతా తప్పుతుంది. "అడ్డంకి పడిపోతే ఆట అయిపోయినట్టేనా?" అని అడుగుతుంది పక్కింటి పిన్నిగారు. కాదుట. పరుగులో కాలు తగిలి పడితే తప్పులేదుట, కావాలని తోస్తేనే తప్పుట. ఈ సూత్రం సంసారానికి కూడా పనికొస్తుందని మా అమ్మ అంటుంది.

దాని కష్టాలు ఏకరువు పెడితే సీరియల్ రాయొచ్చు. గుడ్ల సంగతి చూడండి. రోజుకి నాలుగు గుడ్లు తినమన్నారు కోచ్‌గారు. మా అమ్మేమో వంటింట్లో గుడ్డు పేరెత్తనివ్వదు. అందుకని బాల్కనీలో చిన్న కరెంటు పొయ్యి పెట్టి, దానికో గిన్నె విడిగా కేటాయించాం. ఆ గిన్నె సింకు దాకా వస్తే మా ఇంట్లో సరిహద్దు తగాదాలే. ఇక స్టేడియంలో వాకింగుకి వచ్చే పెద్దమనుషులు. ఎర్రటి ట్రాకు మెత్తగా ఉంటుందని దానిమీదే నడుస్తారు, ఒకరి పక్కన ఒకరు, నలుగురు, ఫోన్లు చెవిలో పెట్టుకుని. వెనకనుంచి ఈ పిల్ల "ట్రాక్, ట్రాక్" అని అరుచుకుంటూ వస్తే, "అమ్మాయ్, కాస్త చూసుకుని పరిగెత్తరాదూ!" అని దీన్నే కసురుతారట.

మూడోది కాలేజీ. పోటీకి వెళ్ళాలంటే అనుమతి కాగితం మీద నాలుగు సంతకాలు కావాలి. ఒకాయన ఉన్నరోజు ఇంకొకాయన ఉండడు. పోటీలూ ప్రాక్టికల్సూ ముహూర్తం చూసి పెట్టినట్టు ఒకే వారంలో పడతాయి. ఇంతా చేసి పతకం తెస్తే గేటుమీద పెద్ద ఫ్లెక్సీ కడతారు. అందులో యాజమాన్యం వారి ఫొటోలు నిలువెత్తున ఉంటాయి, పరిగెత్తిన పిల్ల ఫొటో తపాలా బిళ్ళంత.

అన్నిటికీ మించి చుట్టాలు. పెళ్ళిలో కనపడితే చాలు, "అయ్యో, ఎంత నల్లబడిపోయావే!" అనేది ఒక పలకరింపు. "మోకాళ్ళమీద ఆ మచ్చలేమిటే, రేపు చూసుకోవడానికి వచ్చేవాళ్ళు అడగరూ?" అనేది రెండోది. మోకాళ్ళు చూసి పిల్లని ఖాయం చేసుకునే ఆచారం మనలో ఎప్పుడు మొదలైందో నాకు తెలీదు. మూడో ప్రశ్న "ఫస్టొచ్చావా?" అని. కిందటి పోటీలో ఇది నాలుగో స్థానంలో వచ్చింది, కాని తన పాత సమయంకంటే సెకనులో నూటికి పద్దెనిమిది వంతులు తగ్గించింది. ఆ సంతోషంతో ఎగురుకుంటూ ఇంటికొస్తే, మెట్లమీదే ఆ ప్రశ్న ఎదురైంది. "నాలుగో? పోనీలే, మళ్ళీసారి చూసుకోవచ్చు" అని ఓదార్చి వెళ్ళిపోయింది ఆవిడ. ఏడవనివాళ్ళని ఓదార్చడం ఎంత అన్యాయమో మీరే చెప్పండి.

ఇక పేపరు సంగతి. దీనికి దైవం మన విశాఖపట్నం అమ్మాయి యర్రాజి జ్యోతి. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నూరు మీటర్ల హర్డిల్స్ ఫైనల్లో ఏం జరిగిందో దీని నోటివెంట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పక్క లేన్లోని చైనా అమ్మాయి తుపాకి మోతకంటే ముందే కదిలింది. ఆమెతోపాటు జ్యోతిని కూడా తప్పుకోమన్నారు. మన పిల్ల ఏడుస్తూ వెళ్ళిపోలేదు, తెర చూపించి వాదించింది. చివరికి ఇద్దర్నీ పరిగెత్తనిచ్చారు. మూడో స్థానంలో వచ్చింది. తరవాత ఆ చైనా అమ్మాయిని అనర్హురాలిగా తేల్చడంతో కంచు వెండి అయింది. సమయం 12.91 సెకన్లు. "గుండె అంతలా కొట్టుకుంటూ ఉండగా, పది అడ్డంకులమీద ఒక్క అడుగు లెక్క తప్పకుండా వెళ్ళింది పిన్నీ! ఇది సరిపెట్టుకోవడమా?" అంటుంది.

దానికింకో అభ్యంతరం ఉంది. జ్యోతి గురించి ఏ వ్యాసమైనా తండ్రి సెక్యూరిటీ గార్డనీ, తల్లి ఇళ్ళల్లో పనిచేసిందనీ మొదలవుతుంది. నిజమే, చెప్పుకోవలసిన సంగతే. కాని వ్యాసం కూడా అక్కడే అయిపోతుంది. ఆ అమ్మాయి అడ్డంకి ఎలా దాటుతుంది, వెనక కాలు ఎలా తెస్తుంది, 2022లో 13.23తో అనురాధా బిశ్వాల్ ఇరవై ఏళ్ళ నాటి జాతీయ రికార్డుని దాటిన పిల్ల మరుసటి ఏడాదికల్లా 12.78కి ఎలా వచ్చింది, ఈ సంగతులు ఒక్క వాక్యం ఉండవు. "బీదరికం పరిగెత్తిందా, కాళ్ళు పరిగెత్తాయా?" అని దీని ప్రశ్న. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆ పరుగులో మన దేశం తరపున నిలబడిన మొట్టమొదటి అమ్మాయి జ్యోతే. తరవాతి దశకి వెళ్ళలేదు. మా ఇంటికొచ్చే పేపరు 'నిరాశ' అని ఒక్క మాటలో తేల్చేసింది. ఇంతకుముందు ఎవరూ వెళ్ళని చోటికి వెళ్ళినవాళ్ళని చూసి నిరాశపడే హక్కు పడకకుర్చీలో కూర్చున్నవాళ్ళకి ఎవరిచ్చారని ఆ పూట కాఫీ కూడా తాగలేదు.

మావారికి క్రికెట్ తప్ప పట్టదు. అలాగని ఇది క్రికెట్‌కి శత్రువు కాదు సుమండీ. 2025 నవంబరు 2న నవీ ముంబైలో మన అమ్మాయిలు ప్రపంచకప్పు గెలిచిన రాత్రి, కడప జిల్లా పిల్ల శ్రీచరణి ఆ జట్టులో ఉందని అందరికంటే ఎక్కువ గంతులేసింది ఇదే. కాకపోతే ఆ ఏడాదే మే నెలలో దక్షిణ కొరియాలోని గుమీలో, వాన పడ్డ ట్రాకుమీద, ఖాళీ గ్యాలరీల ముందు జ్యోతి ఆసియా స్వర్ణం నిలబెట్టుకుంది. ఆ వార్త మా పేపర్లో ఎక్కడుందో వెతకడానికి మావారు కళ్ళజోడు పెట్టుకోవలసివచ్చింది. "బాబాయ్, వీధి చివర టీకొట్టు అబ్బాయి మోచేతికి దెబ్బ తగిలినా క్రికెట్ ఆడేవాడైతే ఫొటో వేస్తారు కదూ?" అంది. ఆయన మాట్లాడలేదు.

నన్ను మాత్రం పట్టి కుదిపింది గాలి కథ. పరిగెత్తేవాళ్ళకి వెనకనుంచి వీచే గాలి సెకనుకి రెండు మీటర్లు దాటితే ఆ సమయం రికార్డుగా చెల్లదట. 2022 ఏప్రిల్‌లో కోళిక్కోడులో జ్యోతి 13.09లో పరిగెత్తింది. గాలి 2.1 ఉంది. సెకనుకి పది సెంటీమీటర్లు ఎక్కువ, జానెడు కూడా కాదు! రికార్డు కాదన్నారు. అంతకు రెండేళ్ళ ముందు, 2020 జనవరిలో, మూడబిద్రిలో అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో 13.03లో పరిగెత్తింది. అక్కడ డోపింగ్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేడు. అంచేత అదీ లెక్కలోకి రాలేదు. రెండుసార్లు చేతికందింది వెనక్కిచ్చేసి, మూడోసారి సైప్రస్‌లో తెచ్చుకుంది.

నియమం నియమమే, కాదనను. కాని నాకొకటి తోచింది. వెనకనుంచి తోసే గాలిని కొలవడానికి యంత్రం ఉంది. ఎదురుగాలి ఎంత ఉన్నా రికార్డుకి అడ్డులేదట. మంచిదే. అయితే ఆడపిల్లకి ఇంటిదగ్గరనుంచి స్టేడియం గేటుదాకా వీచే ఎదురుగాలిని కొలిచే యంత్రం మాత్రం ఎవరూ కనిపెట్టలేదు.

ఆ గాలి మొన్న మా ఇంట్లోకే వచ్చింది. తెనాలి దగ్గర పల్లెలో ఉండే మా బావగారు ఫోను చేశారు. "అమ్మాయ్, పరీక్షలవగానే దాన్ని పంపించెయ్యి. మంచి సంబంధం వచ్చింది. ఇన్నాళ్ళు పరిగెత్తింది, యూనివర్సిటీలో కప్పు కూడా తెచ్చింది, ఇంక దాంతో సరిపెట్టుకోమను" అన్నారు.

అదిగో, మళ్ళీ అదే మాట!

మా బావగారు చెడ్డమనిషి కాదు. దీనికి మొదటి స్పైక్స్ బూట్లు కొన్నది మినుములమ్మిన డబ్బుతో ఆయనే. ఆయన భయం ఆయనది: కాలు విరిగితే ఎవరు చూస్తారు, ఉద్యోగం వస్తుందో రాదో, వయసు ఆగుతుందా? రైల్వేలో క్రీడాకారుల కోటా ఉందని చెప్తే, "ఆ కోటాకి ఎంతమంది పరిగెడుతున్నారో?" అన్నారు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

పిల్ల వాదించలేదు. స్పీకర్లో అంతా విని, "నాన్నా, అమ్మ బియ్యం కొలిచే గ్లాసు మీద ఏం రాసుందో ఒకసారి చదువుతావా?" అని మాత్రం అడిగింది.

ఆ స్టీలు గ్లాసు నాకూ తెలుసు. మా అక్కయ్య ఎనిమిదో తరగతిలో ఉండగా వచ్చింది. 'నూరు మీటర్లు, ప్రథమ బహుమతి' అని చెక్కి ఉంటుంది. తొమ్మిదిలో లంగా ఓణీ వేశారు, పరుగు ఆగింది. ఎవరూ కోప్పడలేదు, ఎవరూ ఏడవలేదు. సరిపెట్టుకుంది. పాతికేళ్ళకు పైగా ఆ గ్లాసుతో ఆ ఇంట్లో పొద్దున మూడు, రాత్రి రెండు బియ్యం కొలుస్తున్నారు. ఫోనులో కాసేపు చప్పుడు లేదు. "సరే, ఒక్క ఏడాది. ఆ అబ్బాయివాళ్ళకి ఏదో చెప్తాన్లే" అన్నారు మా బావగారు.

ఏడాది అంటే మనకి పన్నెండు నెలలు. దానికి మాత్రం సెకనులో నూటికి నలభై వంతులు. అంత తగ్గిస్తే అఖిలభారత పోటీల్లో ఫైనల్ చేరవచ్చని కోచ్‌గారన్నారట. తగ్గుతుందో లేదో నేను చెప్పలేను. తగ్గకపోతే వచ్చే ఏడాది ఈపాటికి పెళ్ళిపిలుపులు పంచుతూ ఉంటామేమో కూడా చెప్పలేను. ప్రస్తుతానికి బాల్కనీలో గుడ్ల గిన్నె ఉడుకుతూనే ఉంది. నిన్న మూత పెట్టింది మా అమ్మ. 1984లో లాస్ ఏంజెలెస్‌లో పి.టి. ఉషకి సెకనులో నూరోవంతులో కంచుపతకం పోయిందని పేపర్లో చదివి, ఆ పూట అన్నం సహించలేదట ఆవిడకి. ఇన్నాళ్ళూ మాతో చెప్పనేలేదు.

ఆటల పేజీ సంపాదకుల వారికి ఒక్క మనవి. జాగా చాలదనీ, శీర్షిక పట్టాలనీ మీ ఇబ్బందులు మీకుంటాయి. కాని లెక్కపెట్టి చూశాను, 'సరిపెట్టుకుంది' అన్న మాటకి ఆరక్షరాలు. 'గెలుచుకుంది' అంటే అయిదే. ఆ మిగిలిన ఒక్క అక్షరం జాగాలో, వీలైతే, ఆ పిల్ల సమయమెంతో వెయ్యండి.